బియ్యం లాగని నాణెం

పోయిన నెల మా జిల్లాలో ఒక రైస్ పుల్లింగ్ ముఠాని పట్టుకున్నారని మా బావ వాట్సాప్‌లో వార్త పంపాడు. ఎప్పటి కథే. పిడుగు పడిన రాగి నాణెమట, అందులో ఇరీడియం ఉందట, పక్కన పోసిన బియ్యాన్ని తన దగ్గరికి లాక్కుంటుందట, ఏదో విదేశీ కంపెనీ కోట్లు పెట్టి కొనడానికి సిద్ధంగా ఉందట. టెస్టింగ్ ఖర్చులకి మాత్రం ముందుగా మనం కొంచెం సర్దాలట. ఇనప రజను పట్టించిన బియ్యం, ఎక్కడో దాచిన అయస్కాంతం, అంతే సంగతి. ఈ వార్తల మీద మా బావకి ప్రత్యేకమైన ఆసక్తి. పదకొండేళ్ళ కిందట ఆయనా మూడు లక్షలు సర్దాడు.

నేను నవ్వుతున్న ముఖం ఒకటి జవాబుగా పెట్టాను. ఐదు నిమిషాల్లో ఫోనొచ్చింది.

"ఏం బామ్మర్దీ, నవ్వుతున్నావ్. నీ దగ్గరున్న గ్రీకు బిళ్ళకి ఎంత పోశావన్నావ్?"

"ఆరు వందల నలభై యూరోలు."

ఆయన మనసులో లెక్క కట్టుకున్నట్టున్నాడు. "అరవై వేలు! సరే, నాది బియ్యం లాగుతుందని చెప్పి అంటగట్టారు. మరి నీది ఏం లాగుతుందని అంటగట్టారు?"

నేను మాట మార్చాను. నాకు ఆ నాణేన్ని పైథాగరస్ పేరు చెప్పి అమ్మారు.

అప్పటినుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చదువుకున్నవాళ్ళం, మ్యూజియాలు తిరిగేవాళ్ళం, కేటలాగుల్లో చిన్న అక్షరాలు కూడా చదివేవాళ్ళం కాబట్టి మనం వేరే జాతి అనుకుంటాం. పాత గ్రీకు వెండి నాణేలకి "మార్మికం", "రహస్య సంప్రదాయం", "అరుదైనది" అని తగిలించి అమ్ముతున్న కథల్లో చాలావాటికి రైస్ పుల్లింగ్‌కీ పెద్ద తేడా లేదని ఇప్పుడు నాకనిపిస్తోంది. మనకి బియ్యం బదులు తత్వశాస్త్రం చూపిస్తారు.

నా బిళ్ళ

ఉద్యోగం మీద జర్మనీ వచ్చిన కొత్తలో నాణేల పిచ్చి పట్టింది. మొదట అందరిలాగే ఏథెన్స్ గుడ్లగూబ నాణెం మీద మనసు పడింది. ఒక ప్రదర్శనలో దాని ఫోటో తీసి అమ్మకి పంపితే, "ఆ దరిద్రపు పిట్ట బొమ్మ ఇంట్లో పెట్టుకుంటావట్రా?" అంది. ఏథెన్సు వాళ్ళకి అది జ్ఞానదేవత పక్షి, అమ్మకి చావు కబురు తెచ్చే పక్షి. అక్కడే నాకు సగం బుద్ధి రావాల్సింది.

రాలేదు. కొన్నాళ్ళకి ఇంటర్నెట్ అమ్మకంలో క్రోటన్ నాణెం కనబడింది. క్రోటన్ అంటే దక్షిణ ఇటలీలో గ్రీకులు కట్టుకున్న ఊరు, ఇప్పటి క్రొతోనె. సేమోస్ దీవి నుంచి పైథాగరస్ క్రీ.పూ. 530 ప్రాంతంలో వచ్చి గురుకులం పెట్టింది అక్కడే. పదో తరగతిలో కర్ణం మీది వర్గం అంటూ మనల్ని ఏడిపించిన మనిషి. ఆయన నడిచిన వీధుల్లో చేతులు మారిన వెండి అనుకోగానే నా వేలు దానంతటదే బటన్ నొక్కేసింది. వర్ణనలో సంఖ్యల రహస్యం, ఆత్మల వలస, త్రిపాదం అర్థం అంటూ రెండు పేరాలున్నాయి. బరువు ఒక్క లైను. అంతకు ముందు ఎవరి దగ్గర ఉండేదో అర లైను కూడా లేదు.

వచ్చింది. ఏడున్నర గ్రాముల లోపు ఉంటుంది. ఒక వైపు గద్ద, రెండో వైపు త్రిపాదం, అంటే ముక్కాలి పీట మీద గిన్నె. కాళ్ళ చివర్లు సింహం పంజాలు, పైన మూడు గుండ్రటి పిడులు. పక్కన ఊరి పేరు మూడు అక్షరాల్లో. మొదటి అక్షరం కొప్పా, సున్నా కింద చిన్న తోక పెట్టినట్టుంటుంది. మన బండి ఱ లాగే వాడుకలోంచి జారిపోయిన అక్షరం. తర్వాతి కాలంలో 90 అనే అంకెకి గుర్తుగా మిగిలింది. ఈ ఊరివాళ్ళు మాత్రం నాణెం మీద దాన్ని పట్టుకుని వేలాడారు. గద్ద తోక దగ్గర అంచు విరిగింది. వారం రోజులు రాత్రి పడుకునే ముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాను. అబద్ధం ఎందుకు, ఒళ్ళు జలదరించేది.

ఆ తర్వాత ఒక ఆదివారం నాణేల సంతలో ఒక ముసలి వ్యాపారికి చూపించాను. బల్ల వెనక థర్మాస్ ఫ్లాస్కుతో కూర్చుని ఉన్నాడు. భూతద్దం కూడా తీయలేదు. "బాగుంది. క్రీ.పూ. 425 తర్వాతది" అన్నాడు. పైథాగరస్ నాణెం కదా అన్నాను. ఆయన చాలా మర్యాదగా, "అప్పటికి ఆయన పోయి ఓ డెబ్భై ఏళ్ళయి ఉంటుందండీ" అన్నాడు.

అమ్మినవాళ్ళకి ఘాటుగా మెయిల్ రాశాను. రెండు రోజులకి జవాబు వచ్చింది. తాము "పైథాగరస్ నగరపు నాణెం" అన్నామే గాని "పైథాగరస్ కాలపు నాణెం" అనలేదట. మళ్ళీ చదివితే నిజమే, అలాగే ఉంది.

ఉబ్బు, గుంట

ఆ ముసలాయన ఆ రోజు తన పెట్టెలోంచి ఇంకో క్రోటన్ నాణెం తీసి చూపించాడు. కొనలేను కాబట్టి చూడ్డానికి మొహమాటపడ్డాను గాని, ఆయనే చేతిలో పెట్టాడు. వెడల్పుగా, పల్చగా, అప్పడంలా ఉంది. ముందువైపు త్రిపాదం ఉబ్బెత్తుగా ఉంటే, వెనక్కి తిప్పితే అదే త్రిపాదం లోపలికి గుంటపడి ఉంది. తిరుపతి నుంచి తెచ్చుకునే రేకు పటం వెనక్కి తిప్పితే స్వామి గుంటగా కనబడతాడే, అలాగ.

పైథాగరస్‌కి ముడిపెట్టేది అసలు వీటిని. సిబారిస్, మెటపోంటమ్, క్రోటన్, కౌలోనియా, పొసైడోనియా లాంటి దక్షిణ ఇటలీ ఊళ్ళు క్రీ.పూ. ఆరో శతాబ్దం మధ్య నుంచి సుమారు వందేళ్ళు ఇలాంటి నాణేలు కొట్టాయి. మిగతా గ్రీకు ప్రపంచంలో ఇంకెక్కడా ఇది పద్ధతిగా పాతుకోలేదు. రేకు పటంలా ఒకే అచ్చుతో ఒత్తినవి కూడా కావివి. ముందుకి గుంట చెక్కిన అచ్చు, వెనక్కి ఉబ్బు చెక్కిన అచ్చు, రెండూ విడివిడిగా తయారుచేసి, గీత గీతకి సరిపడేలా నిలబెట్టి సుత్తితో కొట్టాలి. ముందు అంచు తాడు పేనినట్టుంటుంది, వెనక అంచు చుట్టూ కిరణాల్లాంటి గీతలుంటాయి. అంటే ఒకటి రెండోదాని నీడ కాదు, ఎవరో కూర్చుని రెండుసార్లు చెక్కారు. ఇంత తంటా ఎందుకు పడ్డారనేదానికి ఇప్పటికీ అందరూ ఒప్పుకునే జవాబు లేదు. నకిలీలు ఆపడానికని, ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడానికని, వేరే ఊళ్ళ నాణేల మీద పాత బొమ్మ పోయేలా ముద్ర కొట్టడానికని రకరకాలుగా అన్నారు.

ఇంత పెద్ద ఖాళీ ఉంటే అందులో ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. 19వ శతాబ్దంలో ఫ్రెంచి నాణేల పండితుడు డ్యూక్ దె ల్యూన్ అందులో పైథాగరస్‌ని కూర్చోబెట్టాడు. 1949లో చార్ల్స్ సెల్ట్‌మన్ అనే ఇంగ్లీషు నాణేల పండితుడు ఆ వాదాన్ని గట్టిగా నిలబెట్టే ప్రయత్నం చేశాడు. వినడానికి చాలా అందంగా ఉంటుంది. పైథాగరస్ తండ్రి రత్నాల మీద ముద్రలు చెక్కేవాడని ఒక కథ ఉంది, కాబట్టి ఇంట్లో పనితనం ఉంది. గ్రీకులకి తూనికలు, కొలతలు నేర్పింది పైథాగరసేనని పాత గ్రీకు రచయిత అరిస్టోక్సెనస్ అన్నట్టు, తత్వవేత్తల జీవితాలు రాసిన డయోజినీస్ లేర్టియస్ రాశాడు. పైథాగరస్ శిష్యులు పది జతల విరుద్ధాలు చెప్పేవారని అరిస్టాటిల్ రాశాడు: బేసి, సరి, కుడి, ఎడమ, వెలుగు, చీకటి. నాణెం మీద ఉబ్బు, గుంట. ఇంకేం కావాలి?

ఇంకా చాలా కావాలి. మొదటి చిక్కు సిబారిస్‌తో. వెనక్కి చూస్తున్న ఎద్దు బొమ్మతో ఆ ఊరు కూడా ఇదే పద్ధతిలో నాణేలు కొట్టింది, బహుశా క్రోటన్ కంటే ముందే. ఆ ఊరు క్రోటన్‌కి బద్ధశత్రువు. క్రీ.పూ. 510లో మల్లయోధుడు మైలో నాయకత్వంలో క్రోటన్ సేన వెళ్ళి దాన్ని నేలమట్టం చేసింది. పక్క ఊరి గురువుగారి తత్వాన్ని శత్రువు తన నాణేల మీద ఎందుకు కొట్టుకుంటుంది? రెండో చిక్కు, అరిస్టాటిల్ ఇచ్చిన పది జతల్లో నిటారు, వంకర ఉన్నాయి గాని ఉబ్బు, గుంట లేవు. మూడోది నాకు అన్నిటికంటే బలంగా కనబడేది: ప్రాచీనుల్లో ఒక్కరంటే ఒక్కరు కూడా పైథాగరస్ నాణేలు కొట్టించాడని చెప్పలేదు. ఆయనకి బంగారు తొడ ఉందని చెప్పారు. కుక్కని కొడుతున్నవాణ్ణి ఆపి, అందులో చనిపోయిన నా స్నేహితుడి గొంతు వినబడుతోందన్నాడని చెప్పారు. ఆయన గురించి వివరంగా రాసిన పోర్ఫిరీ, అయాంబ్లికస్ ఆయన పోయిన ఏడెనిమిది వందల ఏళ్ళ తర్వాతివాళ్ళు, దొరికిన ప్రతి కథా పోగుచేశారు. అంతటివాళ్ళకి కూడా ఈ కథ దొరకలేదు.

(పునర్జన్మ మాట వినగానే ఆయన మన దేశం వచ్చి నేర్చుకున్నాడనే మెసేజ్‌లు నాకూ వస్తుంటాయి. దయచేసి పంపకండి.)

చేపల బజారులో రహస్యం

తేదీలు, పేర్లు పక్కన పెట్టినా ఒక మామూలు ప్రశ్న ఉంది. రహస్యాన్ని ఎవరైనా నాణెం మీద కొడతారా?

పైథాగరస్ దగ్గర చేరిన శిష్యులు ఐదేళ్ళు నోరు విప్పకూడదనేవారట. అలాంటి గుంపు తమ గుట్టుని ఊళ్ళో అందరి కంటా పడే వస్తువు మీద పెట్టుకుంటుందా? నాణెమంటే సైనికుడి జీతం, పడవ అద్దె, చేపల బేరం. క్రోటన్ త్రిపాదం అప్పుడు ఎవరికీ గుట్టు కాదు. డెల్ఫీలో అపోలో వాక్కు విని మిస్కెలస్ అనే గూనివాడు ఊరు కట్టాడని అక్కడ చిన్నపిల్లలక్కూడా తెలుసు. డెల్ఫీ పూజారిణి కూర్చునేది త్రిపాదం మీదే. "మా ఊరు దేవుడు చెప్తే పుట్టింది" అని చాటుకోవడానికి పెట్టుకున్న బొమ్మ అది. దైవభక్తి నిజమే, దాన్ని నేను కాదనను. కాకపోతే అది గుడి గోపురం లాంటి భక్తి, దూరం నుంచే అందరికీ కనబడాలి.

ఎల్యూసిస్ మాటేమిటని అడగొచ్చు. గ్రీకుల అతి పెద్ద రహస్య వ్రతం జరిగిన ఆ ఊరు తన కంచు నాణేల మీద పందిపిల్ల బొమ్మ వేసుకుంది, ఆ వ్రతంలో బలిచ్చేది పందిపిల్లనే. మంచి ప్రశ్నే, నేనూ కొన్నాళ్ళు దీని దగ్గర ఆగిపోయాను. కానీ పందిపిల్లల్ని సముద్రంలో స్నానం చేయించి తీసుకురావడం ఊరంతా చూసేదే. లోపల మంటపంలో ఏం చూపించేవారో ఈ రోజుకీ మనకి తెలియదు. అది నాణెం మీదకి రాలేదు గనకే తెలియదు.

నిజమైన రహస్యం ఆ ఇటలీలోనే వేరే చోట దొరికింది. థురీలో, హిప్పోనియోన్‌లో సమాధుల్లో పల్చటి బంగారు రేకులు బయటపడ్డాయి. చనిపోయినవాళ్ళు పాతాళంలో ఏ దారిన పోవాలో, కాపలాదారులకి ఏం చెప్పాలో వాటి మీద చిన్న అక్షరాలతో గీకి ఉంది. హిప్పోనియోన్ రేకులో ఆత్మ "నేను భూమికీ చుక్కల ఆకాశానికీ బిడ్డని" అని చెప్పుకోవాలి. ఆ రేకు బజారు మొహం చూడలేదు. శవంతో పాటు మట్టిలోకి వెళ్ళింది.

ఇక్కడే నా వాదం నా మీదకే తిరిగింది. గ్రీకులు చనిపోయినవాళ్ళ నోట్లో ఓబోల్ అనే చిన్న వెండి బిళ్ళ పెట్టేవారు, పాతాళ నది దాటించే కేరాన్‌కి పడవ కూలి. మరి ఆ బిళ్ళ మార్మికం కాదా?

మా నాన్నమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నుదుటి మీద రూపాయి బిళ్ళ పెట్టారు. ఆ నుదురు పసుపు రంగులో ఉండటం, బిళ్ళ కొంచెం పక్కకి జారితే మా పెద్దత్త సరిచేయడం గుర్తున్నాయి. తర్వాత ఆ రూపాయి ఏమైందని అడిగితే పెద్దవాళ్ళు కసిరారు. ఆ బిళ్ళ ఎవరి చేతికో వెళ్ళి, అక్కణ్ణుంచి ఏ కిళ్ళీ కొట్టుకో వెళ్ళి ఉంటుంది. అక్కడ అది రూపాయే. దానికున్న మహిమంతా ఆ నుదుటి మీద ఉన్నంతసేపే.

ఓబోల్ సంగతీ అంతే. నోట్లో ఉన్నప్పుడు అది కేరాన్ కూలి. ఎవడో రాత్రిపూట మెటల్ డిటెక్టర్‌తో వచ్చి, పుర్రె పక్కకి తోసి, బిళ్ళ జేబులో వేసుకున్నాడంటే మిగిలేది అర గ్రాము పైచిలుకు వెండి. అప్పుడు దాన్ని కవర్లో పెట్టి "కేరాన్ ఓబోల్, అరుదైనది" అని అమ్ముతారు. ఏ గుణం కోసం మనం డబ్బు కడుతున్నామో, ఆ గుణాన్ని తీసేశాకే అది మన దాకా వస్తుంది.

కథ కింద ఏముంది

వర్ణనలో రెండు పేరాల కథ ఉండి, దొరికిన చోటు గురించి ఒక్క మాట లేకపోతే నాకిప్పుడు టెన్షన్ వస్తుంది. పైథాగరస్ వాదం తేలాలన్నా కావాల్సింది ఆ ఒక్క మాటే. ఏ ఊరు ముందు మొదలుపెట్టింది, ఏది తర్వాత అనేది పండితులు చెప్పగలుగుతున్నారంటే నిధుల వల్లే. 1911లో దక్షిణ ఇటలీలోని తారాంతోలో ఒకేచోట వందల కొద్దీ పాత వెండి నాణేలు దొరికాయి. ఏ నాణెం ఎంత అరిగింది, ఏది దేనితో కలిసి ఉంది, ఏది అందులో అసలు లేదు అన్నదే సాక్ష్యం. విడివిడిగా అమ్ముడుపోతే ఆ సాక్ష్యం పోతుంది.

1984లో టర్కీలో ఎల్మలీ దగ్గర సుమారు 1,900 వెండి నాణేల నిధి దొరికింది. అందులో పదికి పైగా ఏథెన్స్ డెకాడ్రాక్మాలు, అంటే పది డ్రాక్మాల పెద్ద వెండి నాణేలు ఉన్నాయి, ప్రపంచంలోనే చాలా అరుదైన రకం. దేశం దాటిపోయిన వాటిలో ఎక్కువ భాగాన్ని టర్కీ కోర్టుల చుట్టూ తిరిగి 1999లో తిరిగి తెచ్చుకుంది. అదృష్టవంతులు. ఇటలీ గ్రీకు నాణేల విషయంలో అమెరికా 2011లో దిగుమతి ఆంక్షలు పెట్టింది, క్రోటన్ లాంటి ఊళ్ళవి కూడా అందులోకే వస్తాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదంతం 2012 జనవరిది. న్యూయార్క్‌లో నాణేల ప్రదర్శన జరుగుతున్న హోటల్లో ఒక పేరున్న చేతి శస్త్రవైద్యుణ్ణి అరెస్టు చేశారు. ఆయన నాణేల సేకరణలో కూడా పెద్ద పేరున్నవాడే. సిసిలీలో కొత్తగా తవ్వి తీసిన సరుకని తెలిసే నాణేలు అమ్మకానికి పెట్టాడని ఆరోపణ. వాటిలో ఒకటి సిసిలీలోని పాత గ్రీకు ఊరు అక్రగాస్ కొట్టిన డెకాడ్రాక్మా, కుందేలు మీద రెండు గద్దలు వాలిన బొమ్మ, లక్షల డాలర్ల మాట. కేసు నడుస్తుండగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే తేలిందేమంటే, అవి దొంగతనంగా తవ్వినవీ కాదు, అసలు పాతవే కాదు. నకిలీవి! పాపం, దొంగసొత్తనుకుని దాచుకున్నాడు, తీరా చూస్తే దొంగసొత్తు కూడా కాదు. చివరికి నేరం ఒప్పుకున్నాక, నాణెం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవడం ఎందుకు ముఖ్యమో ఒక పత్రికకి వ్యాసం రాయమని కూడా చెప్పారు. ఈ బ్లాగు నాకెవరూ విధించిన శిక్ష కాదని మనవి.

అంతటి నిపుణుడికే ఈ గతి పట్టిందంటే కన్ను పనిచేయక కాదు. కొత్తగా తవ్వింది అన్న మాటే ఆయనకి సర్టిఫికెట్‌లా పనిచేసింది. నాకు పైథాగరస్ పనిచేసినట్టు, మా బావకి ఇరీడియం పనిచేసినట్టు.

కాగితాలుంటే చాలా అంటే అదీ చాలదు. జూలియస్ సీజర్ హత్యని చాటుకుంటూ బ్రూటస్ కొట్టించిన బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో రికార్డు ధరకి పోయింది. పాత సేకరణలోదని కాగితాలున్నాయి. అవి కల్పించినవని తేలి 2023లో దాన్ని గ్రీసుకి అప్పగించారు. వెండి కాదు, గ్రీకుదీ కాదు, అయినా ఈ జబ్బుకి అదే మంచి ఎక్స్‌రే.

అయినా సరే

నా వాదంలో ఒక బొక్క ఉంది, అది నాకు తెలుసు. పైథాగరస్ పేరు లేకపోతే నేను క్రోటన్ అనే మాటే వినేవాణ్ణి కాదు. మిస్కెలస్ గూని, కొప్పా తోక, సిబారిస్ ఎద్దు ఇవేవీ నా జీవితంలోకి వచ్చేవి కావు. అబద్ధపు బోర్డు చూసి ఎక్కిన బస్సే నన్ను మంచి ఊరికి చేర్చింది. ఇదే మాట ఆ ముసలి వ్యాపారితో అంటే, "అందరూ దిగరండీ, చాలామంది బోర్డు చూసుకుంటూ బస్సులోనే కూర్చుంటారు" అన్నాడు.

ఇంకో మాట కూడా అన్నాడు. క్రోటన్ స్టేటర్లు, అంటే నా దాని లాంటి వెండి బిళ్ళలు, అంత అరుదేం కాదట. ఏ పెద్ద వేలంలో చూసినా ఒకటో రెండో ఉంటాయట. "అరుదైనది" అన్న ముక్క కూడా కథలో భాగమే అన్నమాట. మొన్న సెలవుల్లో బెర్లిన్ వెళ్ళినప్పుడు బోడె మ్యూజియంలో గ్రీకు వెండి ముందు గంటసేపు నిలబడ్డాను. ఆ మ్యూజియంలోంచే 2017లో దొంగలు 100 కిలోల కెనడా బంగారు నాణేన్ని నిచ్చెన వేసి, చక్రాల బండి మీద పెట్టి తీసుకుపోయారు. దానికి ఏ మార్మికమూ లేదు, బరువే. దొంగలకి ఈ విషయంలో మనకన్నా స్పష్టత ఉంది.

నా నాణెం నా దగ్గరే ఉంది. అమ్మలేదు. అమ్మాలంటే మళ్ళీ నేనూ ఏదో ఒక వర్ణన రాయాలి. కవరు మీద పాత చీటీ తీసేసి కొత్తది రాశాను: క్రోటన్, వెండి స్టేటర్, క్రీ.పూ. 425 తర్వాత, గద్ద, త్రిపాదం, అంచు విరిగింది, ఎక్కడ దొరికిందో తెలియదు. చివరి ముక్క రాసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది.

బావకి ఈ సంగతంతా వీడియో కాల్‌లో చెప్పాను. ఓపికగా విన్నాడు. ఆఖర్న, "ఓసారి బియ్యంలో పెట్టి చూడరాదూ" అన్నాడు. ఆయన తృప్తి కోసం పళ్ళెంలో గుప్పెడు బాస్మతి పోసి మధ్యలో పెట్టాను. ఇద్దరం ఫోన్‌కి అటూ ఇటూ వంగి కాసేపు చూశాం.

నిన్న రాత్రి పాత గ్రీకు ఊరు ఎఫెసస్ వెండి నాణెం, డ్రాక్మా ఒకటి అమ్మకానికి కనబడింది. ఒక వైపు తేనెటీగ, ఇంకో వైపు లేడి. ఆర్టెమిస్ దేవత గుళ్ళో పూజారిణుల్ని తేనెటీగలని పిలిచేవారని, ఇది వాళ్ళ గుప్త చిహ్నమని రెండు పేరాలు రాశారు. ఎప్పటినుంచి ఎవరి దగ్గరుందో కాగితమేదైనా ఉందా అని అడిగాను. "పాత యూరోపియన్ సేకరణ" అని మూడు ముక్కల్లో జవాబొచ్చింది. వద్దని రాసేశాను. ఆ పేజీ మాత్రం ఇంకో ట్యాబ్‌లో తెరిచే ఉంది. తేనెటీగ రెక్కల మీద ఈనెలు కూడా కనబడుతున్నాయి.